మూడూ యాభై నాటి క్షమాపణ

ఆఫీసులో అందరూ ఆవిడను తాడక్క అంటారు. లిఫ్టులు తనిఖీ చేయడం ఆవిడ ఉద్యోగం. ఉక్కు తాడు పొడుగునా గుడ్డముక్క పెట్టి లాగుతుంది. ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. నిన్న ఆసుపత్రి లిఫ్టు తాడు మీద ఆ గుడ్డ ఏడు చోట్ల చిక్కుకుంది.

లిఫ్టు ఆపించే అధికారం పెద్దసారుది. అందుకని పరుగున ఆఫీసుకొచ్చి, "వెంటనే ఆపించండి" అని రిపోర్టు రాసి, పదకొండూ పదికి ఉమ్మడి ఫోల్డరులో పెట్టింది. సొంత కంప్యూటర్లో ఒక్క కాగితం కూడా దాచుకోకూడదు, అన్నీ సర్వరులోనే ఉండాలి అన్నది ఆయన పెట్టిన నియమమే. ఆయన గదిలోకి తొంగిచూసి నోటితో కూడా చెప్పింది. "చూస్తాలే" అన్నాడు మహానుభావుడు. ఒంటిగంటన్నరకు లిఫ్టు జారిపడి, స్ట్రెచర్ తోసే అతని కాలు విరిగింది.

సాయంత్రం ఐదింటికి ఫోల్డరు తెరిచారు. రిపోర్టు పక్కన టైము నాలుగూ నలభై అని ఉంది. పెద్దసారుకు ప్రాణం లేచొచ్చింది. ప్రమాదం జరిగాక రాసి ముందే రాశానని బొంకుతోందని ఆఫీసంతా చాటాడు. రేపు పదింటికి పై అధికారి వస్తారు, తప్పు ఒప్పుకుని క్షమాపణ మీద సంతకం పెట్టు, లేదంటే ఉద్యోగం ఊడుతుంది అన్నాడు.

పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"సంతకం పెట్టి ఇంటికొచ్చావో, తలుపు తీయను."

"పెట్టనత్తయ్యా."

"మరి ముఖం అలా వేలాడేస్తావేం? పద, పద!"

తొమ్మిదింటికల్లా తాడక్క సర్వరు గదిలో ఉంది. సర్వరు చూసుకునే కుర్రాణ్ణి ఆమె తమ్ముడూ అంటుంది. అతను ఆమె చెప్పింది విని, తెర వెలిగించి, టైము చూసి నీరుగారిపోయాడు. తెరలో మధ్యాహ్నం రెండున్నర దాటింది.

"కొంప ముంచాను అక్కా. ఇది పాత విండోస్ పెట్టె. లోపలి గడియారంలో మన టైమే ఉండేది. పోయినవారం నేను లినక్స్ ఎక్కించాను. అదేమో ఆ గడియారంలో ఉన్నది ప్రపంచ టైము అనుకుని, దాని మీద మన ఐదున్నర గంటలూ కలుపుతోంది. ఇంటర్నెట్ లేని పెట్టె కదా, దిద్దుకునే దారి లేదు. ఇప్పుడే సరిచేస్తా."

"చెయ్యి పెట్టావంటే ఊరుకోను! పదిన్నర దాకా ముట్టుకోకు."

"నా ఉద్యోగం పోతుందక్కా."

"నిన్ను మాట్లాడమన్నానా? పెట్టే మాట్లాడుతుంది."

విచారణకొచ్చిన పై అధికారి, ఒక పెద్దావిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. పెద్దసారు తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపాడు. తాడక్క వాటిని ముట్టుకోలేదు.

"క్షమాపణ రాయడం నాకు అలవాటు లేదు సార్. మీరే టైపు చేసివ్వండి."

ఆయనకు ఇంతకంటే ఏం కావాలి? ఆ గదిలోని కంప్యూటర్లోనే టకటకా కొట్టాడు. "నేను ప్రమాదం తరువాత రిపోర్టు సృష్టించి" అని పైకి చదువుతూ మరీ కొట్టాడు. తన నియమం తానే తప్పుతాడా? తీసుకెళ్ళి ఉమ్మడి ఫోల్డరులోనే పెట్టాడు. తాడక్కకు ఒళ్ళు మండుతోంది, కానీ నవ్వు కూడా ఆగడం లేదు.

"మేడమ్, సారు ఈ కాగితం ఎప్పుడు రాశారో కాస్త చూస్తారా?"

పెద్దావిడ తెర చూసింది, గోడ గడియారం చూసింది, మళ్ళీ తెర చూసింది. గోడ మీద పదీ ఇరవై. ఫైలు పక్కన మధ్యాహ్నం మూడూ యాభై.

"ఇదేంటయ్యా, ఇంకా రాని మధ్యాహ్నం రాశావా?"

"అది... సర్వరు ఏదో..." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన జేబులు తడుముకున్నాడు.

అప్పుడు తలుపు దగ్గర దగ్గు వినిపించింది. సర్వరు తమ్ముడు! పిలవకుండానే వచ్చాడు. మొహం పాలిపోయింది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "తప్పు నాదే మేడమ్. వారం నుంచీ ఇందులో ప్రతి ఫైలూ ఐదున్నర గంటలు ముందుంది. అక్క రిపోర్టు టైములోంచి ఐదున్నర తీసేయండి."

పెద్దావిడ వేళ్ళు మడిచింది. నాలుగూ నలభైలోంచి ఐదున్నర గంటలు పోతే పదకొండూ పది.

"సరే, గడియారం తప్పన్నమాట. ఇక్కడితో వదిలేద్దాం" అన్నాడు పెద్దసారు.

"వదలను సార్." తాడక్క లేచి నిలబడింది. "గడియారం తప్పు గడియారానిది, తమ్ముడు ఒప్పుకున్నాడు కూడా. పదకొండూ పది నుంచి ఒంటిగంటన్నర దాకా నా రిపోర్టు మీ ఫోల్డరులోనే ఉంది. ఆ రెండు గంటల ఇరవై నిమిషాలూ మీవి. అక్కడ ఒకడు కాలు విరిగి పడున్నాడు."

తెల్లకాగితం, పెన్ను ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఆమె రెండింటినీ ఆయన ముందుకు జరిపింది.

"ఈ క్షమాపణ మీరు చేత్తో రాయండి సార్. కాలు విరిగిన అతనికి రాయండి."