కల్బూబూ పేరు మీద ఇచ్చిన గది

జిపారా చచ్చిపోయిందని కోర్టు రాసిచ్చిన కాగితాన్ని నా చేతిలో పెట్టింది జిపారాయే.

"చదువు సోనునక్కా, ఎంత పొందిగ్గా రాశారో! పుట్టిన తేదీ ఉంది, పోయిన తేదీ ఉంది. మధ్యలో ఏడ్చిన ఏడుపు మాత్రం రాయలేదు" అంది.

అప్పట్లో నేను మా రాజధాని బిష్కెక్‌లో ఇళ్ళు లేనివాళ్ళ చలికాలపు బస చూసుకునేదాన్ని. సాయంత్రం ఆరుకు తలుపు తీయడం, పొద్దున ఎనిమిదికి అందరినీ బయటికి పంపి తాళం వేయడం నా పని. మంచు కురుస్తున్నా, ఒంట్లో జ్వరం ఉన్నా ఎనిమిదంటే ఎనిమిదే. జిపారా అక్కడ నాలుగు చలికాలాలు గడిపింది. యాభై రెండేళ్ళ మనిషి. ఎవరి కోటు చిరిగినా ఆమె ఒళ్ళోకి వచ్చి పడేది. "నీ కోటులో గుడ్డ కన్నా చిరుగే ఎక్కువుంది కదరా, దేన్ని దేనికి కుట్టమంటావ్?" అని తిడుతూనే కుట్టిపెట్టేది.

మొగుడు పోయాక ఆమె రష్యా వెళ్ళింది, మెట్లు కడిగే పనికి. అక్కడ పనివాళ్ళుండే కొట్టాలు తగలబడి, పాస్‌పోర్టు అందులో కాలిపోయింది. ఏడేళ్ళపాటు ఇంటికి ఒక్క కబురూ పంపలేదు. వట్టి చేతులతో ఏమని రాయనని సిగ్గుపడిందట. చివరికి ఎలాగో సరిహద్దు దాటి తొక్మోక్‌లోని పుట్టింటికి వచ్చేసరికి, వాకిట్లో ఎవరివో పిల్లల బట్టలు ఆరుతున్నాయి. తమ్ముడు తోల్కున్ అక్క జాడ లేదని కోర్టుకు వెళ్ళి, పోయినట్టు రాయించుకుని, ఉమ్మడి ఇంటిని అమ్మేశాడు. పోయిన మనిషికి పాస్‌పోర్టు ఇవ్వరు. పాస్‌పోర్టు లేని మనిషికి ఏదీ ఇవ్వరు.

ఆ ఏడాదే నగరం వాళ్ళు మూతబడ్డ చెప్పుల ఫ్యాక్టరీ హాస్టల్ని బాగుచేయించి, రోడ్డున పడ్డవాళ్ళకు పన్నెండు గదులు ఇస్తామన్నారు. రాత్రికి మంచం ఇచ్చి పొద్దున్నే పొమ్మనడం కాదు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళది. దాన్ని చూసుకునే పని నాకే అప్పగించారు. నేను రాసిన మొదటి పేరు జిపారాది. పాస్‌పోర్టు నంబరు లేదని ఆఫీసులో కొట్టేశారు.

అప్పుడే ఆమె చావును రద్దు చేయించాలని కోర్టుకెళ్ళాం. ఒక కుర్ర వకీలు ఉచితంగా వాదించాడు. మార్చి నెల, పట్టపగలు, హాలంతా తడి బూట్ల వాసన. తోల్కున్ మంచి కోటు వేసుకుని, బొచ్చు టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"ఈమె మీ అక్కేనా?" అని జడ్జిగారు అడిగారు.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "కాదండీ. మా అక్క పోయింది. ఈమె ఎవరో నాకు తెలీదు."

"ఒరేయ్ తోల్కున్, ఇటు చూడరా" అంది జిపారా. "టీ కాచే సమోవార్ మీద పడి చెవి కాల్చుకుంటే నిన్ను ఎత్తుకుని ఆస్పత్రిదాకా పరిగెత్తింది ఎవర్రా? అమ్మ పోయాక నీకు అన్నం పెట్టింది ఎవరు?"

"ఇవన్నీ మా వీధిలో అందరికీ తెలిసినవేనండీ" అన్నాడు అతను జడ్జితో. రక్తపరీక్ష చేయించాలని మా వకీలు అడిగాడు. తానెందుకు ఇవ్వాలన్నాడు తోల్కున్. బలవంతం చేసే వీలు లేదన్నారు. వీధివాళ్ళెవరూ సాక్ష్యానికి రాలేదు. అర్జీ కొట్టేశారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఏడుస్తుందేమో అనుకున్నాను. "వాడు బాగా ఒళ్ళు చేశాడు కదక్కా" అంది జిపారా.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నేను ఊరుకోలేదు.

నా ఇనప బీరువాలో ఒక పాస్‌పోర్టు ఉంది. బసకు వచ్చే కల్బూబూ అనే ఆవిడది. తాగినప్పుడు పోగొట్టుకుంటానని నా దగ్గర దాచుకుంది. రెండు చలికాలాల కిందట ఆమె రావడం మానేసింది. కాలవ పక్కన ఒక ఆడమనిషి గడ్డకట్టి దొరికిందనీ, పేరూ ఊరూ తెలియక నగరం ఖర్చుతో పూడ్చేశారనీ వారం తర్వాత విన్నాను. ఎర్ర ఊలు శాలువా కప్పుకుని ఉందన్నారు. ఆ శాలువా ఎవరిదో నాకు తెలుసు. వెళ్ళి చెప్పాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఉన్నాను. చెబితే ఎంక్వయిరీ, సంతకాలు, ముందే ఎందుకు చెప్పలేదని చీవాట్లు. పాస్‌పోర్టు బీరువాలోనే ఉండిపోయింది.

జిపారాకూ ఆమెకూ వయసు రెండేళ్ళు అటూ ఇటూ. ఫొటో పదేళ్ళ కిందటిది. ఎత్తు బుగ్గలు ఇద్దరికీ ఉన్నాయి.

"చచ్చినదాని పేరు చచ్చినదానికి తగిలిస్తావా అక్కా?" అంది జిపారా, పాస్‌పోర్టును ముట్టుకోకుండా.

"ఆమెకు ఎవరూ లేరు. అడిగేవాళ్ళు లేరు."

"నాకూ లేరనే కదా, మొన్న కోర్టులో తేల్చారు" అంది. ఆ తర్వాత దాన్ని తీసుకుని కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

సెప్టెంబరులో ఏడో నంబరు గది ఇచ్చారు. ఒక పెద్ద అధికారి వచ్చి కెమెరాల ముందు తాళంచెవి చేతికిచ్చాడు. మొదటి వారమంతా పొద్దున ఎనిమిదికి జిపారా కోటు తొడుక్కుని, సంచి సర్దుకుని తలుపు దగ్గర నిలబడి ఉండేది. "ఎక్కడికే?" అంటే, "ఏమో, కాళ్ళు వాటంతటవే లేచాయి" అనేది. రెండో వారానికి కోటు విప్పింది. కిటికీకి పాత దుప్పటితో తెర కుట్టింది. వీధిలో ఎవరో పారేసిన కుట్టుమిషన్ను బాగుచేసి తెచ్చుకుంది. పక్క గదుల ముసలాళ్ళు పొద్దస్తమానం ఆమె దగ్గరే టీ తాగేవాళ్ళు. ఎవరైనా "కల్బూబూ" అని పిలిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగి పలికేది.

అధికారి తాళంచెవి ఇస్తుండగా తీసిన ఫొటో ఎక్కడెక్కడికి చేరిందో నాకు తెలీదు. కింద కల్బూబూ పేరు మాత్రం వేశారు.

ఫిబ్రవరిలో, మధ్యాహ్నం పూట ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో ఆప్రికాట్ పండ్ల జాము సీసా, నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెల మూట, ఊలు మేజోళ్ళు. పేరు జాజ్‌గుల్. కొండల్లోని నారిన్ ఊరి నుంచి బస్సులో వచ్చిందట.

"కల్బూబూ మా అమ్మండీ" అంది, ఊపిరి అందక. "పేరు చూసి వచ్చాను. ఫొటోలో మొహం సరిగా కనబడలేదు. ఎనిమిదేళ్ళయింది. తాగి వచ్చిందని నేనే వాకిట్లోంచి గెంటేశాను. అప్పుడు నాకు నెలలు నిండాయి, కోపం ఎక్కువ... ఏ గదండీ?"

ఊళ్ళో లేదని చెబుదామనుకున్నాను. ఈలోగా గొంతులు విని జిపారా తలుపు తెరిచింది.

అమ్మాయి లోపలికి తొంగి చూసింది. కుట్టుమిషన్ను, మంచాన్ని, మళ్ళీ జిపారాను చూసింది. "మా అమ్మ ఎక్కడికి వెళ్ళింది?"

"కూర్చో తల్లీ" అంది జిపారా.

"కూర్చోను. ఎక్కడుంది?"

"నీకు అబద్ధం చెప్పలేను. మీ అమ్మ పోయింది. మూడేళ్ళు కావస్తోంది. ఆమె పేరు నేను తొడుక్కుని ఈ గదిలో ఉంటున్నాను."

అమ్మాయి జాము సీసాను బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఆ బల్లనే పట్టుకుని నిలబడింది. "ఎక్కడ పూడ్చారు?" అని అడిగింది.

మర్నాడు ముగ్గురం శ్మశానానికి వెళ్ళాం. ఊరి చివర, అనాథల మూల. ఇనప చువ్వలకు నంబర్లు వేసి గుచ్చారు. ఆ నెలలో పేరు తెలియని ఆడవాళ్ళు ముగ్గురు. ఏ నంబరు ఎవరిదో పోలీసు ఫొటోలు చూస్తే తెలుస్తుందన్నాడు కాపలావాడు. పోలీసుల దగ్గరికి వెళితే, "కల్బూబూ బతికే ఉందమ్మా, గది కూడా ఇచ్చారు, మా లెక్కలో పోయినవాళ్ళలో లేదు" అని ఫైలు తెరవలేదు.

తిరిగి వచ్చాక నేను జాజ్‌గుల్ చేతులు పట్టుకున్నాను. "మంచు కరిగేదాకా ఆగమ్మా. ఈవిణ్ణి ఇప్పుడు బయటికి గెంటితే ఇంకో శవం లేస్తుంది. పోయినవాళ్ళకు చలి ఉండదు."

ఆ అమ్మాయి చేతులు లాక్కుంది. "మీకు తెలిసి కూడా మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. మీరా నాకు చెప్పేది? నేను మా అమ్మను ఇంట్లోంచి గెంటాను. మీరు మట్టిలోంచి కూడా గెంటారు. ఒక రాయి మీద పేరు రాయించుకోవడానికి నేను ఎవరిని బతిమాలాలి?"



జిపారా అప్పటికే సంచి సర్దుకుంటోంది. "పదమ్మా, ఆఫీసుకు పోదాం. నేను చెబుతాను."

"నీకు మతి ఉందా?" అన్నాను. "ఈ గది పోతే మళ్ళీ రాదు."

"తెలుసక్కా. నా తమ్ముడు నా మొహం చూసి ఎరగనన్నాడు. ఈ పిల్ల మొహం కూడా లేని మట్టిని వెతుక్కుంటూ నారిన్ నుంచి వచ్చింది. అడ్డం పడుకుని నేనెలా నిద్రపోను?"

ఆఫీసులో మొత్తం చెప్పేసింది. పాస్‌పోర్టును తాను దొంగిలించానని చెప్పి నన్ను తప్పించాలని చూసింది గానీ, బీరువా తాళం నా దగ్గరే ఉంటుందని అందరికీ తెలుసు. తాళంచెవి ఇచ్చిన అధికారికి ఒళ్ళు మండింది. తాగుబోతుల కోసం ఊడిగం చేస్తే చివరికి మిగిలేది ఇదేనని నా ముందే ఫోనులో ఎవరితోనో అన్నాడు. ఆ సాయంత్రమే నా ఉద్యోగం పోయింది. ఏడో నంబరుకు లక్క సీలు వేశారు. కుట్టుమిషన్ లోపలే ఉండిపోయింది, సీలు తీసే అధికారం ఎవరికుందో తేలలేదని ఇవ్వలేదు.

జిపారా మీద కేసు రాయాల్సి వచ్చినప్పుడు పోలీసాయన కలం పట్టుకుని తలెత్తాడు. "ఏ పేరు మీద రాయను?"

"నీకు తోచింది రాసుకో నాయనా, నాకు ఏ పేరూ కలిసిరాలేదు."

"గుర్తు తెలియని స్త్రీ" అని రాశాడు. రెండు నెలలు రోడ్లు ఊడవమని శిక్ష వేశారు.

ఫొటోల్లో ఎర్ర శాలువాను జాజ్‌గుల్ గుర్తుపట్టింది. ఏప్రిల్‌లో రాయి నిలబెట్టించింది. మమ్మల్ని పిలవలేదు. నారిన్ బస్సెక్కే ముందు మాత్రం, జిపారా ఊడుస్తున్న వీధికి వచ్చి, ఆ ఊలు మేజోళ్ళు ఆమె సంచిలో పెట్టి వెళ్ళిపోయింది. అది కృతజ్ఞతో జాలో అడిగే వీలు ఇవ్వలేదు.

ఏడో నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. విచారణ తేలాలట. సీలు తీసి, మీటింగులకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు అందులో పేర్చారని పక్క గది ముసలాయన చెప్పాడు. కొత్తగా గదులు ఇచ్చే పథకం ఆగిపోయింది. ఇలాంటి మోసాలు జరుగుతున్నాయనేది కారణం. జాబితాలో ఇంకా నలభై మంది ఉండేవాళ్ళు, అన్ని కాగితాలూ ఉన్నవాళ్ళు. వాళ్ళలో కొందరు బజారులో నన్ను చూసి ఉమ్మేసి వెళతారు. వాళ్ళను తప్పు పట్టను.

నేనిప్పుడు లగ్మాన్ నూడుల్స్ అమ్మే ఒక హోటల్లో గిన్నెలు తోముతున్నాను. జిపారా మళ్ళీ బసలోనే ఉంటోంది. పొద్దున ఎనిమిదికి బయటికి వచ్చి, మా హోటల్ వెనక తలుపు దగ్గర కాసేపు నిలబడి ఒక గిన్నెడు టీ తాగి వెళుతుంది. దగ్గు పట్టుకుంది. మాట మాత్రం అలాగే ఉంది. నిన్న కూడా, "ఏంటక్కా, టీ ఇంత పల్చగా ఉంది, గిన్నెలు కడిగిన నీళ్ళేనా?" అంది.

కొడుకు, కోడలు, మనవడు, నేను ఒక్క గది ఇంట్లో ఉంటున్నాం. చోటు లేదని ఎవరైనా నమ్ముతారు. కానీ వంటింట్లో, పొయ్యికీ గోడకీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది. ఒకరోజు కొలిచి కూడా చూశాను. ఆమెను రమ్మని మాత్రం ఇప్పటిదాకా పిలవలేదు.