మెంథాల్ వెయ్యని సీసా

మైక్రోస్కోప్ కింద ఆ బుడిపె స్పష్టంగా కనిపించింది. అతను కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఉంది. ఉండకూడనిది ఉంది.

సాయంత్రం నాలుగింటికల్లా అతను సరేనంటే, కొత్త నత్తజాతి మీద అతను రాసిన వ్యాసం అచ్చుకి వెళ్తుంది. ఊటనీళ్ళలో బతికే ఆవగింజంత నత్త. పక్క లోయలో దొరికే పాత జాతికీ దీనికీ గుల్లలో తేడా లేదు. పాతదాని మగ అవయవం మీద చిన్న బుడిపె ఉంటుంది, దీనికి లేదు. ఆ ఒక్క లేకపోవడం మీదే పన్నెండు పేజీలూ నిలబడ్డాయి. రంగుల ఫోటో కోసం నిన్న పట్టుకొచ్చిన నత్తల్లో ఒకదాన్ని ఇప్పుడు కోసి చూస్తే, ఇదిగో, బుడిపె.

ఎందుకో అతనికి తెలుసు. నత్తని చంపే ముందు నీళ్ళలో మెంథాల్ పలుకులు వేసి పన్నెండు గంటలు ఆగాలి. అది మత్తులో ఒళ్ళు వదిలేసి గుల్లలోంచి బయటికొస్తుంది. అప్పుడు ఆల్కహాల్‌లో వెయ్యాలి. నిన్నటివాటికి అలాగే చేశాడు. నేరుగా వేస్తే ముడుచుకుపోతుంది, బుడిపె మడతల్లో కలిసిపోతుంది. రెండేళ్ళ క్రితం, ఆఖరి బస్సు పోతుందన్న కంగారులో ఇరవయ్యారు నత్తల్ని నేరుగా ఆల్కహాల్ సీసాలో పోశాడు. వ్యాసంలో మాత్రం మెంథాల్ వాడామని రాసేశాడు. అంతటితో ఆగలేదు. ఈ నత్తల్ని పాత జాతిలో కలిపేసిన పెద్దమనిషిది 'అజాగ్రత్త' అని కూడా రాశాడు.

ఆ పెద్దమనిషి అతని బావ. ముప్పయ్యేళ్ళు ఇదే గదిలో పనిచేసి రిటైరయ్యాడు. అతనికి కత్తి పట్టుకోవడం నేర్పిందీ ఆయనే.

తలుపు తోసుకుని ఆ బావే లోపలికొచ్చాడు.

"ఏమోయ్ బావమరిదీ, పెళ్ళికొడుకులా ఉంటావనుకుంటే పరీక్ష తప్పిన మొహం పెట్టావేం?"

అతను గబుక్కున మైక్రోస్కోప్ లైటు ఆర్పేశాడు. "నిద్ర లేదు బావా."

"మీ అక్కకి మాత్రం ఉందా? నత్తకి తన పేరు పెట్టావని వీధంతా చాటింపు వేసింది. 'మా తమ్ముడు కనుక్కున్నాడు, మీరు తొక్కుకుంటూ పోయారు' అని నన్ను ఒకటే సాధింపు."

అతను నవ్వబోయాడు. రాలేదు.

బావ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "ఇది సంపాదకుడికి పంపు. నీ వ్యాసం పక్కనే వేస్తారు."

'ఆ ఊట నత్తల్ని నేను సరిగా చూడలేదు. తప్పు నాది.' కింద సంతకం.

"వారం రోజులు నా పాత బొమ్మలు ముందేసుకుని కూర్చున్నాన్రా. బుడిపె గీసే ఉంది. లేనిదాన్ని ఎలా గీశానో అంతుపట్టలేదు. నువ్వు మెంథాల్ వేసి మరీ చూశావు కదా. నీ పని మీద నాకు అనుమానం లేదు, నేర్పింది నేనేగా."

అతని చెవులు వేడెక్కాయి. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. సింకు రెండడుగుల దూరంలో ఉంది. నత్త ఉన్న ఈ గాజుపళ్ళెం అందులో ఒంపేస్తే చాలు, ఎవరికీ తెలియదు.

"వెయ్యలేదు," అన్నాడు.

"ఏది?"

"మెంథాల్." లైటు వెలిగించి కుర్చీలోంచి లేచాడు. "చూడు బావా."

బావ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి ఆ మొహంలో వెటకారం మచ్చుకైనా లేదు. రెండు తగిలించినా బాగుండేదనిపించింది అతనికి.

"ఎన్ని పోశావు?"

"ఇరవయ్యారు."

"అన్నీ ముడుచుకునే ఉంటాయి. అనుమానం రాలేదా?"

"వచ్చింది. పట్టించుకోలేదు."

బావ తన కాగితాన్ని తిరగేసి, ఖాళీ వైపు అతని ముందుంచాడు. "రాయి."

అతను రాశాడు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాననీ, మెంథాల్ వాడకుండానే వాడామని పొరపాటున రాశాననీ. బావ చదివి, పెన్ను తీసుకుని ఒక్క మాట కొట్టేశాడు. 'పొరపాటున.'

"సీసాలో పొయ్యడం పొరపాటు. ఇది కాదు. ముందు సంపాదకుడికి ఫోన్ చెయ్యి. తర్వాత మీ అక్కకి."

బావ బయటికి వెళ్తాడేమోనని అతను ఆగాడు. వెళ్ళలేదు. స్టూలు లాక్కుని, సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు.