మిక్సింగ్: గోపిక

సూర్యాపేట బస్టాండు వెనక సందులో స్టూడియో మెట్లు ఎక్కేసరికే గోపికకు ఒళ్ళు మండిపోతోంది. పొద్దున నిడమనూరులో బస్సెక్కినప్పటి నుంచి ఫోను చెవికి ఆనించుకుని, యూట్యూబులో తను మిక్సింగ్ చేసిన పాట కింద రాసిన పేర్లన్నీ చదివించుకుంది. మిర్యాలగూడలో ఇప్పుడు ఏ పెళ్ళి బరాత్‌లోనైనా ఆ పాటే. రాసినవారు, పాడినవారు, కెమెరా, డ్రోను, ఆఖరికి చాయ్ తెచ్చినవాడి పేరు కూడా ఉంది. మిక్సింగ్ దగ్గరికి వచ్చేసరికి ఫోను ఏ మొహమాటమూ లేకుండా "జీవన్" అంది. మూడుసార్లు వెనక్కి జరిపి విన్నా అదే పేరు.

జీవన్ కోదాడ నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆ పాట కలిపేనాటికి అతగాడు ఈ మెట్లు కూడా ఎక్కలేదు.

గోపికకు పుట్టుకతోనే చూపు లేదు. మౌసుతో ఆమెకు పని లేదు, మిక్సరంతా కీబోర్డు మీదే. పాటలో నలభై ట్రాకులున్నా నాలుగైదు గ్రూపులుగా కడుతుంది, ఒక్కో గ్రూపుకు ఒక్కో కీ. ఎఫ్ వన్ నొక్కితే మొదటి గ్రూపు మొత్తం మూగబోతుంది. షిఫ్టుతో కలిపి నొక్కితే అదొక్కటే మోగుతుంది. బాణం గుర్తులతో గ్రూపు సౌండు లేస్తుంది, దిగుతుంది. ఏది మారిందో స్క్రీన్ రీడర్ చెవిలో చెబుతుంది. మౌసు పట్టినవాడు ఎక్కడ నొక్కాలో వెతుక్కునేలోపు ఆమె సగం పాట కలిపేస్తుంది. మూడేళ్ళుగా ఈ స్టూడియోకు ఆ పదివేళ్ళే దిక్కు.

"శ్యామన్నా, మిక్సింగ్ కాడ నా పేరేది?" అంది లోపలికి వస్తూనే.

స్టూడియో ఓనరు శ్యాంసుందర్ నవ్వాడు. "పేరుదేమున్నది చెల్లె? కండ్లు లేనామె మిక్సింగ్ చేసిందంటే పార్టీలు ఒస్తరా? జర సమజ్ చేస్కో. పని నీదే, పేరే వానిది."

ఎంత తేలిగ్గా అన్నాడు! ఎదురు చెప్పబోయింది గానీ, కుర్చీలో ఉప్పలమ్మ దగ్గు వినిపించింది. పాలకీడు నుంచి వచ్చిన ఒగ్గు కథ కళాకారిణి. పోయిన వారం రికార్డు చేసిన పాట ఎట్లా వచ్చిందో వినడానికి, డోలు వాయించే పరశురాములును వెంటబెట్టుకుని వచ్చింది. ముందు పాట, తర్వాత పంచాయితీ అనుకుని గోపిక కీబోర్డు ముందు కూర్చుంది.

పాట మోగించి ఎఫ్ వన్ నొక్కింది. ఉప్పలమ్మ గొంతు ఒక్కటే ఆగాలి. వంత పాడేవాళ్ళ గొంతులూ ఆగిపోయాయి. ఎఫ్ టూ నొక్కితే డోళ్ళు ఒక్కటే ఆగాయి. ఆమె కట్టుకున్న గ్రూపులు ఒక్కటీ లేవు.

"నేనే సర్దానక్కా," అన్నాడు పక్కనే కూర్చున్న జీవన్ సంబరంగా. "గొంతులన్నీ ఒక గ్రూపు, డోళ్ళన్నీ ఒక గ్రూపు. కలర్లు కూడా ఇచ్చాను. చూడ్డానికి నీటుగా ఉంటుంది."

"పాట సూడనీకా, ఇననీకా?" అని విరుచుకుపడింది గోపిక.

అతను సర్దినట్టే పాట మోగింది. ఉప్పలమ్మ రెండు చరణాలు కూడా విననివ్వలేదు. "గిది మా పాట కాదు బిడ్డా. వంతోళ్ళు నా గొంతు మీదెక్కి కూసున్నరు. డోలేమో ఏడనో వేరే ఊర్ల మోగుతున్నది."

అనదా మరి? ఒగ్గులో డోలు కొట్టేవాళ్ళే వంత పాడతారు. ఉప్పలమ్మ మాట విడవగానే వాళ్ళ చెయ్యీ గొంతూ ఒక్కసారే లేస్తాయి. అందుకే గోపిక ఉప్పలమ్మను ఒక గ్రూపులో ఒంటరిగా ఉంచి, వంతనూ డోలునూ కలిపి మరో గ్రూపు కట్టింది. గొంతులు గొంతులతో, డోళ్ళు డోళ్ళతో అని విడగొట్టడం కూరగాయల దుకాణానికి చెల్లుతుంది గానీ ఈ పాటకు చెల్లదు.

"పక్కకు జరుగు," అంది జీవన్‌తో. ఒక్కో ట్రాకూ విని, ఎంచి, మళ్ళీ గ్రూపులు కట్టి, కీలు తగిలించింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్క కీ తప్పలేదు.

"ఆఁ, గిప్పుడు మా పాట ఒచ్చింది," అంది ఉప్పలమ్మ.

శ్యాంసుందర్ చప్పట్లు కొట్టాడు. "అయిపాయె కద, ఇగ కోపం ఇడిసిపెట్టు చెల్లె. జీవన్, పేర్లు టైప్ చెయ్. మిక్సింగ్ కాడ నీదే పెట్టు."

తన ముందరే! అరికాలి మంట నెత్తికెక్కింది గోపికకు. ఒక్క క్షణం కీబోర్డు ఎత్తి నేలకేసి కొడదామనిపించింది. కొట్టలేదు.

"ఇంకోటున్నది," అంది. "మొదట్ల డోలు మంచిగ రాలె. పరశురాములన్నా, ఒక్కపారి మళ్ళ కొట్టవా?"

అబద్ధమే. డోలు బ్రహ్మాండంగా ఉంది. రికార్డు కీ నొక్కి, గోడ పట్టుకుంటూ పరశురాములు వెంట లోపలి గదిలోకి నడిచింది. అక్కడున్నది ఒకటే మైకు. డోలు జోరందుకోగానే మైకు ముందుకు జరిగి గొంతెత్తింది. "పాట, పాలకీడు ఉప్పలమ్మ. డోలు, పరశురాములు. మిక్సింగ్, నిడమనూరు గోపిక!"

బయటికొచ్చి పాత డోలు పూర్తిగా చెరిపేసి, కొత్తది ఆ జాగాలో పెట్టి వినిపించింది. ఉప్పలమ్మ తొడ చరిచింది. "మేం కథ మొదలువెట్టేటప్పుడు గిట్లనే అందరి పేర్లు సెప్తం!"

"ఏయ్, తీసెయ్‌రా అది!" అని అరిచాడు శ్యాంసుందర్.

జీవన్ మౌసు టకటకా కొట్టాడు. గోపిక గొంతు ఆపితే డోలూ ఆగింది, తగ్గిస్తే డోలూ తగ్గింది. "అన్నా, రెండూ ఒకే మైకులో పడ్డాయి. విడదీద్దామంటే డోలు పాడైపోతుంది."

"అయితే డోలు మళ్ళ కొట్టియ్!"

"కొట్టియ్ అన్నా," అంది గోపిక. "నేను మళ్ళ చెప్త. ఈపారి నీ పేరు గూడ చెప్త, నువ్వేం చేసినవో గది గూడ చెప్త."