ఆడనివాడి ఆర్డరు

గోదాముల కంపెనీ పెద్దమనిషి వీడియో ఆటల కన్సోల్‌ను చేతిలోకి తీసుకున్న తీరు చూడగానే తీసివేతలమ్మకు ఏదో కీడు తోచింది.

తీసివేతలమ్మ అంటే ఆ కన్సోల్ తయారుచేసే కంపెనీలో ధరలు చూసే ఆవిడ, యజమానికి సొంత చెల్లెలు. ప్రయాణాల ఖర్చులోంచి తీసెయ్, ప్రకటనల్లోంచి తీసెయ్, ఆఖరికి డబ్బాలో స్పాంజి ముక్క కూడా తీసెయ్. ఆవిడ నోట కూడిక అన్న మాట విన్నవాడు లేడు. అందుకని పనివాళ్లు చాటుగా ఈ పేరు పెట్టుకున్నారు. ఆవిడకు తెలుసు, తెలిసీ ఊరుకుంది. పనులు జరుగుతున్నాయి కదా, పేరుదేముంది!

ఆ మెషీన్‌ను ఎవరి చేతికిచ్చినా ఒకేలా పట్టుకుంటారు. పసివాడు గానీ, పండుముసలి గానీ, రెండు చేతులా పట్టుకుంటారు, బొటనవేళ్లు వాటంతటవే పైనున్న మీటల మీదికి పోతాయి. ఈయన మాత్రం ఒంటిచేత్తో పుస్తకంలా పట్టుకుని, వెనక్కి తిప్పి, వేడిగాలి బయటికొచ్చే చిల్లులు చూశాడు. ముందువైపు చూడనైనా చూడలేదు.

"రోజంతా ఆపకుండా నడిపితే ఏమీ కాదుగా?" అన్నాడు.

"రోజేంటండీ, నెలంతా నడపండి! ప్లగ్గులో పెట్టి ఉంచితే దానికి అలుపే ఉండదు," అన్నాడు అన్నయ్య, పెళ్లివారి ముందు కూతురి గుణాలు చెబుతున్న తండ్రిలా.

ఇక్కడ అసలు సంగతి చెప్పకపోతే మీకు ఆవిడ భయం అర్థం కాదు. అరచేతుల్లో ఇమిడే ఆ మెషీన్‌లో పెట్టిన చిప్పు, బల్ల మీది పెద్ద కంప్యూటర్లకు ఏమాత్రం తీసిపోదు. అంత బలమైన సరుకును వీళ్లు తయారీ ఖర్చు కన్నా తక్కువకే అమ్ముతున్నారు. పిచ్చా అంటారేమో. పిచ్చి కాదు, ఎర. మెషీన్ కొన్నవాడు ఊరికే కూర్చోడు, ఆటలు కొంటాడు. కొన్న ప్రతి ఆటలోనూ కంపెనీకి వాటా. నాలుగైదు ఆటలు కొన్నాడంటే పోయింది తిరిగొస్తుంది, ఆపైన అంతా లాభమే. పెద్ద పెద్ద కంపెనీలు ఈ ఎర వేసేముందు తాళం వేసుకుంటాయి, తమ దగ్గర కొన్న ఆటలు తప్ప ఇంకేదీ అందులో నడవదు. అన్నయ్య మాత్రం తాళం వెయ్యనంటే వెయ్యనన్నాడు. "కొన్నవాడిది, వాడి ఇష్టం. ఏం కావాలంటే అది ఎక్కించుకోనీ" అని అందరి ముందూ మాటిచ్చేశాడు. ఆటగాళ్లు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. నెత్తిన పెట్టుకున్నంత మంది కొనలేదు, అదీ బాధ. జీతాలకెలాగా అని అన్నాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకుంటున్న సమయంలో ఈ పెద్దమనిషి దిగాడు. ఒక్కసారే ఇరవై వేల మెషీన్లు కావాలట!

గాజు తలుపు అవతల పనివాళ్లంతా మూగి ఉన్నారు. ఎవరో అప్పుడే మిఠాయి డబ్బా కూడా తెప్పించారు.

"సార్, ఏయే ఆటలు ఎక్కించి పంపమంటారు?" అని అడిగింది తీసివేతలమ్మ.

"ఆటలా?" అని ఆయన నవ్వాడు.

"అవన్నీ తర్వాత చూసుకోవచ్చులేవే," అని అన్నయ్య అడ్డం పడ్డాడు. పెన్ను మూత తీసి, కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

ఆవిడ బల్ల కింద అన్నయ్య కాలు తొక్కింది. ఆయన అది సంతోషం అనుకుని తిరిగి తొక్కాడు. ఇలాంటివాడికి చెల్లెలుగా పుట్టడం ఏ జన్మలో చేసుకున్న పాపమో! పెన్ను కాగితానికి ఆనబోతుండగా ఆవిడ లేచి, సంతకం పెట్టే చోట అరచెయ్యి ఆనించింది.

"సార్, ఒక్క ఆట ఆడి చూపించండి. ఒకే ఒక్కటి."

"ఏంటే ఇది? చెయ్యి తియ్!" అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"తియ్యను. ముందు ఆయన్ని ఆడమను."

పెద్దమనిషి కోప్పడలేదు. దాచాలనుకున్న మనిషి కాదు, ఎవరూ అడగలేదు అంతే. "నాకు ఆటలు రావమ్మా. మా వాళ్లకీ అక్కర్లేదు. గోదాముల్లో కెమెరాలుంటాయి కదా, ఏ పెట్టె ఎక్కడుందో చూసి చెప్పడానికి వరుసకో కంప్యూటరు కావాలి. ఇంత బలమైంది, ఇంత చవగ్గా, అదీ తెరతో సహా, ఎక్కడా దొరకలేదు. మీటలు పీకేసి గోడకి బిగించేస్తాం."

ఆ మీటల కోసం అన్నయ్య ఎన్ని నమూనాలు చేయించి పారేశాడో చెల్లెలికి తెలుసు. ఇప్పుడాయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"విన్నావా అన్నయ్యా? ఒక్క ఆటా కొనరు. ఒక్కో మెషీనుకీ మనమే ఎదురు డబ్బిచ్చి సాగనంపుతున్నట్టు లెక్క. ఎర మింగేసి పోయే చేప ఇది, మన గాలానికి తగలదు."

అన్నయ్య పెన్ను కింద పెట్టాడు. గొంతు సవరించుకుని, "ధర మార్చాలండీ. తయారీ ఖర్చు, దాని మీద ఓ నాలుగు రాళ్లు..." అన్నాడు.

"అబ్బే, అంత పెట్టి మీ దగ్గరెందుకు కొంటాను?" పెద్దమనిషి లేచి చొక్కా సర్దుకున్నాడు. "అన్నీ ఒకేచోట దొరుకుతాయని వచ్చాను. పర్లేదు, షాపుల్లో ఇదే ధరకి ఉన్నాయిగా. మా కుర్రాళ్లు నాలుగు ఊళ్లూ తిరిగి కొనుక్కొస్తారు." ఇద్దరితోనూ చేతులు కలిపి మర్యాదగా వెళ్లిపోయాడు. వరండాలోకి అడుగుపెడుతూనే ఫోను చెవికి పెట్టుకున్నాడు.

బయటివాళ్లు చూసింది చేతులు కలపడమే. చప్పట్లు మోగిపోయాయి.

"షాపుల్లో ఎన్నున్నాయి?" అని అడిగాడు అన్నయ్య.

"పదిహేను వేల పైనే. అన్నీ ఇంకా మన సరుకే, అమ్మాకే కదా వాళ్లు డబ్బిచ్చేది."

"అవన్నీ ఆయన కొనేస్తే?"

"అసలుకే ఎసరు. కంపెనీ ఉండదు."

"ధర పెంచేద్దాం."

"పెంచితే ఆటలాడేవాళ్లు కూడా కొనరు. తాళం వేద్దామంటే నువ్వు ఊరందరికీ మాటిచ్చి కూర్చున్నావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ దాంట్లో దూకాలో తర్వాత తన్నుకుందాం. ముందు సరుకు వెనక్కి రావాలి. లే అన్నయ్యా, ఆయన ఫోను అయిపోయేలోపు."

అన్నయ్య లేవలేదు. "షాపుల్లో మన మెషీన్ ఒక్కటి కూడా మిగలకూడదని ఎన్నాళ్లు కలగన్నానే!"

ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. తన బతుకంతా తీసివేతలే అయినా, ఇంత పెద్దది అన్నయ్య దగ్గర్నించి తియ్యాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.

తలుపు తీయగానే ప్యాకింగు పెద్దాయన ఎదురొచ్చి, అన్నయ్య నోట్లో మిఠాయి ముక్క కుక్కాడు.

"షాపులన్నిటికీ ఫోన్లు చెయ్యండి," అన్నాడు అన్నయ్య. "మెషీన్ ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ఉన్నవన్నీ వెనక్కి తెప్పించండి. ఇప్పుడే."

చప్పట్లు ఆగిపోయాయి.

"అయ్యో, అదేంటి సార్! ఏమైనా లోపం బయటపడిందా?"

"లోపం లేదు," అన్నాడు అన్నయ్య, నోట్లో తీపి మింగలేక. "అమ్ముడుపోతోంది."