విజేపాల కుడికన్ను

కత్తి మొనతో పచ్చి బెరడు మీద నిలువుగా గీత గీస్తుండగా విజేపాలకి షెడ్డులోని బల్బు చుట్టూ మళ్ళీ ఆ రంగుల వలయం కనబడింది. రెప్ప మూసి తెరిచాడు. వలయం అలాగే ఉంది. కనుబొమ వెనక ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు నొప్పి.

ఎల్పిటియ ఊరి తోటల్లో దాల్చినచెక్క వలిచే ఎందరిలోనో అతనొకడు. కాలు చాపి కూర్చుని, కొమ్మని ఇత్తడి కడ్డీతో రుద్ది, బెరడు చిట్లకుండా ఊడదీయడం తప్ప వేరే పని ఎరగడు. ఎడమకన్ను చిన్నతనంలోనే జబ్బుచేసి పోయింది. కుడికన్నుకి తోటలో పుల్ల గుచ్చుకుని, పుండై, నల్లగుడ్డు తెల్లబడిపోతే, చనిపోయిన ఎవరిదో కంటిపొర తెచ్చి పెద్దాసుపత్రిలో అతికించారు. ఎవరిదో చెప్పలేదు. ప్రతి పున్నమికీ బౌద్ధ విహారానికి వెళ్ళి, పేరు తెలియని ఆ మనిషికి పుణ్యం ధారపోసి వస్తుంటాడు.

కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, మసకబారినా ఆ రోజే రమ్మని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ చెప్పింది. మూడూ మొదలై చాలా రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. పొద్దున్నే లేచి కిటికీ ఊచలు చూసుకునేవాడు. అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనబడేవి. మధ్యాహ్నానికి కాస్త విడివడితే, ఆ కాస్తకే బతికిపోయాననుకునేవాడు.

పక్కన కూర్చుని వలుస్తున్న నందావతి ఎప్పటిలాగే వేళాకోళమాడింది. "ఏంటన్నా, చెక్కని ముద్దుపెట్టుకుంటావా? అంత దగ్గరగా వంగావు."

అతను నవ్వబోయాడు. కత్తి జారి బెరడు అడ్డంగా చీలింది. అతని చేతిలో బెరడు చీలడం ఆమె ఎన్నడూ చూడలేదు. ముఖంలోకి తేరిపార చూసింది.

"కన్ను నిప్పులా ఉందే. వదినకి తెలుసా?"

అతను చీలిన బెరడు పక్కన పడేసి మరో కొమ్మ అందుకున్నాడు. నందావతి వెళ్ళి అతని భార్య కుసుమావతిని పిలుచుకొచ్చింది. ఆమె తిట్టలేదు. అదే అతన్ని ఇంకా భయపెట్టింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కంటికి పరికరం ఆనించి చూసి, నమ్మకం చాలనట్టు మరోసారి ఆనించింది. తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పొరని కాపాడే చుక్కలమందే కొందరికి కంట్లో ఒత్తిడి పెంచుతుందట. ఆ ఒత్తిడికి పొర ఉబ్బి పాడైంది, వెనక నరం కూడా దెబ్బతింది. ఒత్తిడి దించవచ్చు, మరో పొర వేయవచ్చు. నరంతో పోయిన చూపు మాత్రం రాదు.

"ముందే వచ్చుంటే?" అని కుసుమావతి అడిగింది.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "కొంత మిగిలేదమ్మా."

విజేపాల కుడికన్నుని అరచేత్తో కప్పుకున్నాడు. "ఆ మహానుభావుణ్ణి నేను రెండోసారి చంపాను" అన్నాడు.

తిరుగు బస్సులో కుసుమావతి అతని మణికట్టు వదల్లేదు.

"ఇక నా దగ్గర ఏదీ దాచకు. ఇప్పుడు ఎంత కనిపిస్తోంది?"

"నీ రవిక తెలుపని తెలుస్తోంది."

"నా ముఖం?"

అతను చెయ్యి చాచి, వెతుక్కుని, ఆమె చెంప తాకాడు. "భయమేస్తోందే" అన్నాడు. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

వానలు మొదలయ్యేసరికి ఆ కంటికి వెలుగూ చీకటీ తేడా ఒక్కటే మిగిలింది. అతను మళ్ళీ షెడ్డుకి రాలేదు. అతని చోట మరొకరు కూర్చున్నారు. వెనక గోడ మేకుకి మాత్రం ఆపరేషనప్పుడు అతనికి ఇచ్చిన నల్లకళ్ళద్దాలు వేలాడుతున్నాయి, విరిగిన కాడకి దారం చుట్టి, అద్దాల నిండా దాల్చినచెక్క పొట్టు పేరుకుని.