సిన్నుగాడి మెడలో జాకీ బిళ్ళ

నేను ఒక అల్యూమినియం బిళ్ళను. రూపాయి నాణెం కన్నా కొంచెం పెద్దగా ఉంటాను. నా మీద 417 అనే అంకె, దాని కింద ‘రేబిస్ టీకా వేయబడింది’ అనే మాటలు ఉన్నాయి. ఏ సంవత్సరమో లేదు. నన్ను అచ్చు కొట్టిన షెడ్డులో ఆ విషయం చర్చకు వచ్చింది. ఏడాది కొడితే మిగిలిన బిళ్ళలు వచ్చేసారి పనికిరావని యజమాని అన్నాడు. అచ్చు కొట్టే మనిషి సరేనన్నాడు. నన్ను చేయడంలో వాళ్ళు ఆలోచించింది అంతే.

బొగ్గుగనుల కాలనీలో జరిగిన ఉచిత టీకా శిబిరంలో నేను సంచిలోంచి బయటికి వచ్చాను. పశువుల డాక్టర్ నుస్రత్ కుర్చీ చుట్టూ జనం గుమిగూడారు. కుక్కలను గొలుసులతో, తాళ్ళతో తెచ్చారు. ఒకామె పాత చీర చెంగుతో కట్టి తెచ్చింది. కుక్కలు ఊరుకున్నాయి. మనుషులే ఊరుకోలేదు.

“మేడం, ఇది మూతి నాకితె ఏమన్న అయితదా?”

“దీని బొచ్చు కడుపులకు పోతె గడ్డ కడ్తదంటరు, నిజమేనా?”

“మా కోడలు నీళ్ళు పోసుకున్నది. కుక్కను ఇంట్ల ఉంచచ్చునా?”

డాక్టర్ ఒక్కొక్కరికీ చెప్పింది. బొచ్చుతో గడ్డలు రావని చెప్పింది. కుక్కను ఉంచుకోవచ్చని, దాని పెంట మాత్రం కోడలితో ఎత్తించవద్దని, మూడు నెలలకోసారి కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించమని చెప్పింది. నాకడం గురించి ఎక్కువసేపు చెప్పింది. “గాయం మీద నాకినా, పన్ను గీసుకున్నా, పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగాలె. కడిగి ఆస్పత్రికి పోవాలె. పసుపు పెట్టుకొని ఇంట్ల కూసోవద్దు.” తరువాత నన్ను పైకెత్తి చూపించింది. “ఈ బిళ్ళ ఈ కుక్కకే. ఈ ఏడాదికే.”

అప్పటికే జనం ఎవరి నంబరు ఎంతో చూసుకుంటున్నారు.

నన్ను జాకీ అనే కుక్క బెల్టుకు కట్టారు. జాకీ యజమాని ఓదెలు గనిలో ల్యాంపు రూములో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ ఉంటుంది. బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా బోర్డు మీద బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఇరవై రెండేళ్ళు ఓదెలు బిళ్ళలను చూసి మనుషుల లెక్క చెప్పాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. నన్ను మొదటి రోజు వేలితో తుడిచి, “నాలుగు వందల పదిహేడు” అని పైకి చదివాడు.

జాకీకి ప్రతి ఏడాదీ సూది వేయించారు, బెల్టుకు బిళ్ళగా మాత్రం నేనే ఉండిపోయాను. తీసుకెళ్ళేది ఓదెలు భార్య కనకమ్మ. జాకీ పన్నెండేళ్ళు బతికి, ఒక జనవరిలో ముసలితనంతో పోయింది. ఓదెలు బెల్టు విప్పి, కడిగి, వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించాడు.

మే నెలలో కనకమ్మ రేషన్ షాపు దగ్గర నుంచి రెండు నెలల కుక్కపిల్లను తెచ్చింది. సిన్ను అని పేరు పెట్టింది. ఓదెలు మేకు మీది బెల్టు తీసి, దబ్బనంతో ఇంకో మూడు రంధ్రాలు పొడిచి, దాని మెడకు కట్టాడు. నేను దాని ముందుకాళ్ళ మధ్య వేలాడాను.

పక్క క్వార్టర్ మొండయ్య గోడ మీంచి చూశాడు. “ఏంది ఓదెలన్నా, జాకీగాని డిపెండెంట్ నౌకరీ దీనికిచ్చినవా?”

“ఇచ్చిన. మెడికల్ గూడ అయిపోయింది,” అన్నాడు ఓదెలు.

ముగ్గురూ నవ్వారు. ఆ కాలనీలో తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడం మామూలే. రిటైరైన మనిషి దీపం నంబరు కొత్తవాడికి రావడమూ మామూలే. నంబరు పాతదైనా దీపాన్ని మాత్రం ప్రతి షిఫ్టుకూ ఛార్జింగ్ పెట్టాలి. ఆ సంగతి ఓదెలుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

జులైలో శిబిరం పెడుతున్నారని ఆటోలో మైకు పెట్టి చెప్పారు.

“ఏమయ్యో, సిన్నుగానికి సూది ఏపియ్యాలె. నువ్వు ఒక్కరోజు ఆగి పోరాదు డ్యూటీకి. ఇది నాతోని ఆగదు, గుంజుకపోతది,” అంది కనకమ్మ.

“బిళ్ళ ఉన్నది గదనే,” అన్నాడు ఓదెలు.

“అది జాకీది గాదు?”

“సర్కారు బిళ్ళ. అందరికీ ఒక్కటే.” అతను డ్యూటీకి పోయాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ నెలాఖరున వీధి కుక్క ఒకటి సిన్ను చెవి కొరికింది. కనకమ్మ పసుపు అద్దింది. వారంలో మానింది. ఐదు వారాల తరువాత సిన్ను మంచం కిందికి దూరి బయటికి రావడం మానేసింది. దవడ వేలాడింది. చొంగ నా మీద కారింది. నీళ్ళ గిన్నె ముందు పెడితే మూతి పెట్టింది గానీ మింగలేకపోయింది.

“గొంతుల బొక్క ఇరికింది. పట్టుకో,” అంది కనకమ్మ.

ఓదెలు దవడలు తెరిచి పట్టుకున్నాడు. ఆమె గొంతులో వేలు పెట్టి వెతికింది. ఎముక ఏదీ దొరకలేదు. పన్ను గీసుకుని చూపుడు వేలి మీద ఎర్రటి గీత పడింది. చీర కొంగుతో తుడుచుకుంది. మూడో రోజు సిన్ను చచ్చిపోయింది.

“అక్కా, ఎందుకైన మంచిది, సూదులు ఏసుకో,” అన్నాడు మొండయ్య.

కనకమ్మ భర్త వైపు చూసింది. ఓదెలు బెల్టు నుంచి నన్ను విప్పి మొండయ్య అరచేతిలో పెట్టాడు. మొండయ్య నన్ను చదివాడు. “గట్లయితె ఏం గాదు తియ్యి,” అన్నాడు.

నన్ను చదివిన ప్రతి మనిషీ నమ్మాడు. చదవడం వచ్చినవాళ్ళే నమ్మారు.

అక్టోబరులో, బతుకమ్మకు తంగేడు పూలు తెంపుతుంటే కనకమ్మకు ఆ వేలు తిమ్మిరెక్కింది. మర్నాడు చెయ్యంతా లాగింది. మూడో రోజు పొద్దున టీ గ్లాసు నోటి దాకా తెచ్చి, గొంతు బిగుసుకుపోయి, విసిరేసింది. ఫ్యాను గాలి తగిలితే అరిచింది. ఓదెలు ఆమెను పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న కుక్క కరిచిందా అని. ఓదెలు నన్ను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టర్ నన్ను తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

“ఇది ఏ కుక్కది?”

 “జాకీది,” అన్నాడు ఓదెలు.

“కరిచింది జాకీయేనా?”

“కాదు.”

డాక్టర్ పెన్ను మూత పెట్టాడు. ఈ దశలో మందు లేదని చెప్పాడు. కనకమ్మను విడిగా ఒక గదిలో ఉంచి, దీపం ఆర్పి, కిటికీకి దుప్పటి కట్టారు. తెలివి వచ్చినప్పుడల్లా నీళ్ళు అడిగింది. తెస్తే వద్దంది. ఓదెలు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది.

సిన్ను నోరు పట్టుకున్నాడు కాబట్టి ఓదెలుకు ఐదు సూదులు రాశారు. దినాలు చేస్తూనే అతను తేదీలు తప్పకుండా వెళ్ళాడు. ప్రతిసారీ నేను జేబులోనే ఉన్నాను. ఇరవై ఎనిమిదో రోజు నర్సు చివరి సూది వేసి దూది నొక్కింది.

“అయిపోయినయ్ కాకా. ఇగ నీకు భయం లేదు.”

ఓదెలు చొక్కా చెయ్యి దించుకున్నాడు గానీ లేవలేదు.

“సిస్టర్, ఇవే సూదులు ఆమెకు అప్పుడే ఏస్తే?”

నర్సు కార్డు మీద రాస్తూ ఆగింది. “బతికేది కాకా.”

అతను తలూపాడు. నన్ను తీసి కిటికీ గట్టు మీద పెట్టి తలుపు దాకా వెళ్ళాడు.

“కాకా, నీ బిళ్ళ మర్చిపోయినవ్.”

“నాది కాదు,” అన్నాడు ఓదెలు, వెనక్కి తిరగకుండా.

అది నిజమే. నేను జాకీది. ఆ కుక్క పోయిన రోజే నాతో పని తీరిపోయింది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. కనకమ్మ ఒక్కసారి అడిగింది, అది జాకీది గాదా అని.