రెండో పొయ్యి

కుర్మయ్యకు టైల్స్ వేసే పని రాదు. ఆ సంగతి ఆయనకు తప్ప తొండుపల్లిలో అందరికీ తెలుసు. ఈ నలభై ఎనిమిదేళ్లలో ఆ చేతులు నాగలి పట్టాయి, పార పట్టాయి, అవసరమైతే ఎవరి చొక్కా గల్లా అయినా పట్టాయి గానీ తాపీ ఎన్నడూ పట్టలేదు. ఇప్పుడు ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన కాంట్రాక్టరు కింద గడ్డికి నీళ్లు పెడుతున్నాడు. ఒకప్పుడు జొన్న పండించిన మనిషి, పశువు కూడా ముట్టకూడని గడ్డిని సాకుతున్నాడు. అలాంటివాడు వంటింటి నేల తానే వేస్తానని కూర్చున్నాడంటే అది పిసినారితనం కాదు. భయం.

ఆ భయం తమ్ముడి గురించి. భూమి ఉన్నన్నాళ్లూ అన్నదమ్ములిద్దరినీ పనే కలిపి ఉంచింది. పొద్దున ఎంత కొట్లాడుకున్నా మధ్యాహ్నానికి ఒకే మోట దగ్గర నిలబడక తప్పేది కాదు. భూమి విమానాల కిందికి పోయాక తమ్ముడు వీరేందర్ ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పనిలో చేరాడు. ఒకడి డ్యూటీ ముగిసే వేళకు రెండోవాడిది మొదలవుతుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది అన్నం దగ్గరే. ఇంట్లో తొమ్మిది మంది: కుర్మయ్య, భార్య లచ్చమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, వీరేందర్, భార్య పూర్ణిమ, వాళ్లకూ ఇద్దరు, అందరి మీదా తల్లి అమృతమ్మ. తొమ్మిది మందికీ ఒకే పొయ్యి. ఆ పొయ్యి ఒకటిగా ఉన్నంతకాలం ఇల్లు ఒకటిగా ఉన్నట్టేనని కుర్మయ్య నమ్మకం.

ఆ పొయ్యి ఉన్న వంటిల్లే పాడైపోయింది. సిమెంటు లేచిపోయి నేల నిండా గుంతలు, గుంతల్లో ఎంగిలి నీళ్లు, ఆ నీళ్ల చుట్టూ చీమలు. మొన్న పూర్ణిమ గంజి వంచుతూ గుంతలో కాలు పడి తూలింది. పాదం మీద అరచేయంత బొబ్బ లేచింది. ఆ సాయంత్రం మేడ మీద గదిలో ఆమె మొగుడితో అంటున్న మాట మెట్ల కింద ఉన్న కుర్మయ్య చెవిన పడింది.

"ఈ గుంతలల్ల నాతోని కాదు. శంషాబాద్‌ల ఏదన్న రూము కిరాయికి చూడు. పోదాం."

"చూస్త," అన్నాడు వీరేందర్.

కాదనలేదు. ఆలోచిద్దామని కూడా అనలేదు. చూస్త అన్నాడు. తెల్లారి కుర్మయ్య మేస్త్రీల కోసం తిరిగితే అందరూ కొత్త అపార్ట్‌మెంట్ల పనిలో పడి ఉన్నారు. నెల దాకా రాలేమన్నారు. నెలలో తమ్ముడు సామాను సర్దుకుంటాడు. అందుకని తానే దిగాడు. గుంతలు పూడ్చేస్తే ఆమె కష్టం తీరిపోతుందని ఆయన లెక్క. ఆడవాళ్లు గుంత అని ఒక మాట అంటే దాని వెనక పది ఉంటాయని యాభైకి దగ్గరపడ్డా తెలుసుకోని మగవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

బుద్వేల్‌లో బర్కత్ టైల్స్ దుకాణం ఉంది. అక్కడ అంచు చెదిరినవి, రంగు కాస్త తేడా వచ్చినవి చవకగా దొరుకుతాయి. ఆటోలో వేయించుకుని వస్తుంటే బర్కత్ ఒక రబ్బరు సుత్తి కూడా చేతిలో పెట్టాడు.

"కుర్మయ్యన్నా, టైల్ వేసుడు పెద్ద పని గాదు. వేసినంక ఇంటోల్లను ఆపుడే పెద్ద పని. రెండు దినాలు లోపటికి ఎవ్వర్ని రానియ్యకు. ఒక్క అడుగు పడ్డా మొత్తం పరేషాన్."

మరి ఆ రెండు రోజులు వంట? వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుని చేసుకుంటానంది లచ్చమ్మ. కానీ వీరేందర్ రాత్రి డ్యూటీకి పోవాలి, పూర్ణిమ డబ్బా కట్టాలి. కాలు కాలిన మనిషి ఆ చీకట్లో కట్టెలు ఊదుకుంటూ కూర్చోవాలా అని కుర్మయ్యే అడ్డం పడ్డాడు. బజారుకు పోయి చిన్న గ్యాస్ పొయ్యి కొనుక్కొచ్చి, తన భుజం మీదే మోసుకుపోయి, మేడ మీద గదిలో కిటికీ పక్కన పెట్టి వచ్చాడు. మరదలికి మంచి చేశానని లోపల మురిసిపోయాడు కూడా.

పూర్ణిమ అగ్గిపుల్ల తీయబోతుంటే కింద నుంచి అమృతమ్మ కేకేసింది.

"కొత్త పొయ్యి బిడ్డా, ఊకెనే అంటియ్యకు. పాలు పొంగియ్యి."

కొత్త పొయ్యికి పాలు పొంగించడం ఆమెకు చేతికొచ్చిన అలవాటు. ముందూ వెనకా ఏమీ ఆలోచించలేదు. పూర్ణిమ పొయ్యికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తూర్పు వైపు పాలు పొంగించింది. చక్కెర వేసి అందరికీ తలా ఇంత పోసింది. కుర్మయ్య తన గ్లాసు ఎత్తి తాగి, మూతి తుడుచుకుని, పనిలోకి దిగాడు.

ఆ పని చూసినవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక పక్కకు పోయారు. పాత సిమెంటు పగలగొట్టడానికే పూట పట్టింది. ఇసుకా సిమెంటూ కలిపి పరిచి, దారం కట్టి, గోడ నుంచి మొదలుపెట్టాడు. మొదటి వరుస వంకర పోయింది. పీకి మళ్లీ వేశాడు. నీళ్లు మోరీ వైపు పారేట్టు వాటం పెట్టాలన్న సంగతి నాలుగో వరుసలో గుర్తొచ్చింది. మళ్లీ పీకాడు. మోకాళ్లు వాచాయి, సిమెంటు పాలకు వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయింది. చీకటి పడే వేళకు ఆఖరి టైల్ కూర్చుంది. ఒక మూల తెలుపు, ఒక మూల పసుపు. అయినా సరే, గుంత అన్నది లేదు. గడప దగ్గర కూర్చుని చాలాసేపు చూసుకున్నాడు.

తెల్లారి ఎనిమిదింటికి వీరేందర్ డ్యూటీ నుంచి వచ్చాడు. రోజూ వచ్చినట్టే వచ్చి, రోజూ పోయినట్టే నేరుగా వంటింట్లోకి, నీళ్ల బిందె ఉండే మూలకు బూట్లతో నడిచాడు. నాలుగు అడుగులు. నాలుగు చోట్లా టైల్స్ కుంగి, పక్కవి లేచాయి.

కుర్మయ్యకు ఒళ్లు తెలియలేదు. "కండ్లు నెత్తికెక్కినయారా? నా రెక్కలు విరుగుతున్నయి ఈడ. నీ పెండ్లాం కోసమే గదరా గీ చాకిరంత!"

పిల్లలు చూస్తున్నారు. మెట్ల మీద పూర్ణిమ నిలబడి వింటోంది. వీరేందర్ వంగి బూట్లు విప్పి, చేతిలో పట్టుకుని మేడెక్కి వెళ్లిపోయాడు.

కుంగినవాటితో పాటు వాటి పక్కవీ పీకి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఈసారి కుర్మయ్య రెండు రోజులతో సరిపెట్టలేదు. గడపకు అడ్డంగా మంచం నిలబెట్టి, నాలుగు రోజులు ఎవరూ తొంగి చూడొద్దన్నాడు. డ్యూటీకి కూడా పోకుండా ఆ మంచం పక్కనే కాపలా కూర్చున్నాడు.

ఆ నాలుగు రోజులూ ఆయన నేల వైపే చూశాడు గానీ ఇంటి వైపు చూడలేదు. మేడ మీద కూర వేగిన వాసన వేళకు వచ్చేది. పూర్ణిమ నవ్వు వినిపించేది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో కూడా ఆయనకు తట్టలేదు. వీరేందర్ డ్యూటీ నుంచి రాగానే వేడి వేడిగా తిని పడుకుంటున్నాడు. వాకిట్లో లచ్చమ్మ కూడా పొగలో కూర్చునే కూనిరాగం తీస్తోంది.

"నిజం చెప్పాల్నంటే నాకు గూడ జర నిమ్మలంగుంది," అంది ఒకనాడు. "ఎవరి ఆకలి ఎప్పుడో, ఎవరికి కారమెక్కువో, ఆ లొల్లి లేదు."

"నోర్ముయ్," అన్నాడు కుర్మయ్య. అన్నాక భయమేసింది.

ఐదో రోజు మంచం తీశాడు. నేల గట్టిగా ఉంది. వేలితో కొట్టి చూస్తే ఒక్క టైల్ కూడా డొల్లగా మోగలేదు. కడిగించి, తొమ్మిది మందికీ వండమని లచ్చమ్మకు చెప్పి, వరుసగా తొమ్మిది పళ్లేలు తానే పెట్టాడు. మెట్ల దగ్గరికి పోయి కేకేశాడు.

వీరేందర్, పూర్ణిమ కిందికి దిగారు. గడప ఇవతలే ఆగారు.

"తిన్నమన్నా," అన్నాడు వీరేందర్.

"రేపటి సంది ఈడనే. ఆ పొయ్యి కిందికి దెస్త, అటక మీద పెడ్త."

వీరేందర్ భార్య వైపు చూశాడు. పూర్ణిమ తల వంచుకునే మాట్లాడింది. గొంతులో కోపం లేదు, అందుకే కుర్మయ్యకు ఆశ చచ్చింది.

"పాలు పొంగిచ్చిన పొయ్యి బావా అది. ఎట్ల ఆపి అటకెక్కిస్తం? పిల్లలున్నోల్లం, కీడు గాదా?"

కుర్మయ్య తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వు చెప్పు."

అమృతమ్మ పళ్లెం ముందు కూర్చునే ఉంది. నేల మీది టైల్స్ నిమిరింది.

"పొంగియ్యమన్నది నేనేరా. ఇగ ఆపమని ఏ నోటితోని అనాలె?" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆపమనే హక్కు తనకైనా ఉందా అని వెతుక్కున్నాడు కుర్మయ్య. పొయ్యి కొన్నది తాను. మోసింది తాను. ఆ పాలు తాగింది తాను.

"రూముకు పోతలేం గదన్నా," అన్నాడు వీరేందర్ మెల్లగా. "గా ముచ్చట ఇడిచిపెట్టినం. మీదనే ఉంటం. యాడికి పోతం?"

వాళ్లు మెట్లెక్కి వెళ్లిపోయారు. వెళ్లనివ్వకూడదని ఇంత చేశాడు, వాళ్లు వెళ్లలేదు. ఇంట్లోనే ఉన్నారు. కుర్మయ్యకు ఏడుపొచ్చింది. పిల్లలు చూస్తారని నాలుగు ఖాళీ పళ్లేలూ తానే ఎత్తి మోరీ దగ్గర పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆయన డ్యూటీకి చెప్పులు వేసుకుంటుంటే లచ్చమ్మ చేటలో బియ్యం పట్టుకుని గడప దాకా వచ్చి నిలబడింది. చేట వైపు ఒకసారి, ఆయన మొహం వైపు ఒకసారి చూసింది.

"ఏందే?"

"అలవాటుల అందరికి కొలిసిన. ఎందరికి పెట్టమంటవ్?"

ఆమెకు తెలియక కాదు. ఇంటి పెద్ద నోటితో అనిపించుకోకుండా ఆ పని తన చేత్తో చేయలేక అడిగింది. కుర్మయ్య చెప్పులు సరిచేసుకున్నాడు, మళ్లీ సరిచేసుకున్నాడు.

"ఐదుగురికి," అన్నాడు.

లచ్చమ్మ వెనక్కి వెళ్లి, చేటలో బియ్యం సగం దాకా మళ్లీ డబ్బాలో పోసింది.